బోర్డు మీద పేరు లేని డీటీపీ షాపు, కర్నూలు: మా ఐదు దేశాల రక్షణ చర్చల కాగితాలన్నీ ఇక్కడే చేయించాం

కర్నూలులో తెలుగు కాగితాల పని పడేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ముఖ్యంగా టీచర్లు, లెక్చరర్లు, సెమినార్లు పెట్టేవాళ్ళ కోసం. షాపు రాజ్‌విహార్ సెంటర్ నుంచి కొండారెడ్డి బురుజు వైపు పోయే దారిలో ఒక సందులో ఉంది, మెట్ల కింద నీలం షట్టరు. బోర్డు మీద జిరాక్స్, డీటీపీ, స్పైరల్ బైండింగ్ అని రాసుంటుంది, షాపుకు వేరే పేరంటూ లేదు. లోపల రెండు కంప్యూటర్లు, రెండు జిరాక్స్ మిషన్లు, ఒక కటింగ్ మిషను, ఒక టేబుల్ ఫ్యాను, అంతే. ఓనరును అందరూ అన్నా అనే పిలుస్తారు, టైపింగంతా ఒక అమ్మాయి చూసుకుంటుంది. నేను ఐదుకు నాలుగున్నర ఇస్తాను, ఆ అర ఎందుకు తగ్గించానో కింద చెప్తా.

ముందు మా పనేంటో చెప్పాలి, లేకపోతే నేనెందుకింత మెచ్చుకుంటున్నానో అర్థం కాదు. నేనొక డిగ్రీ కాలేజీలో పొలిటికల్ సైన్స్ చెప్తాను. ఏటా ఫైనలియర్ పిల్లలతో ఒకరోజు నమూనా సమావేశం పెడతాం, పిల్లలే దేశాలుగా విడిపోయి టేబుల్ చుట్టూ కూర్చుని వాదించుకుని సాయంత్రానికల్లా ఒక ఉమ్మడి ప్రకటన తేవాలి. అందరూ ఐక్యరాజ్యసమితి పెడతారు, నేను ఈసారి పట్టుబట్టి వేరేది తీసుకున్నా. ఒక పెద్ద దేశం నా సైన్యాన్ని వెనక్కి తీసుకెళ్ళిపోతున్నా అని చెప్పేస్తే, అన్నేళ్ళూ ఆ సైన్యాన్ని నమ్ముకున్న చిన్న దేశాలు ఎవరిని పిలవాలి, ఏమని అడగాలి, ముందు ఏ మాట ఎత్తాలి? దీనికి 1968 జూన్‌లో కౌలాలంపూర్‌లో జరిగిన ఐదు దేశాల సమావేశాన్ని మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. బ్రిటన్, మలేషియా, సింగపూర్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్.

కథ క్లుప్తంగా ఇదీ. తర్వాత మలేషియాలో భాగమైన మలయాకు స్వాతంత్ర్యం వచ్చిన 1957లోనే బ్రిటన్‌తో రక్షణ ఒప్పందం కుదిరింది, బయటి నుంచి దాడి వస్తే బ్రిటన్ సాయం చేయాలి. 1963 నుంచి 1966 దాకా ఇండోనేషియాతో గొడవ నడిచినప్పుడు ఆ ఒప్పందమే కాపాడింది. ఈ మధ్యలో 1965 ఆగస్టు 9న సింగపూర్ మలేషియా నుంచి విడిపోయింది. తర్వాత బ్రిటన్‌కు డబ్బు ఇబ్బంది ముదిరింది, 1967 నవంబరులో పౌండు విలువను 2.80 డాలర్ల నుంచి 2.40కి దించుకోవాల్సి వచ్చింది, 1968 జనవరి 16న ప్రధాని హెరాల్డ్ విల్సన్ పార్లమెంటులో లేచి 1971 చివరికల్లా సింగపూర్, మలేషియాల నుంచి, పర్షియన్ గల్ఫ్ నుంచి సైన్యం వచ్చేస్తుందని ప్రకటించాడు. ఆర్నెల్ల కిందటే 1970ల మధ్య దాకా ఉంటామన్నవాళ్ళు! అసలైతే 1971 మార్చికే పోదామనుకున్నారు, సింగపూర్ ప్రధాని లీ క్వాన్ యూ లండన్‌కు ఎగురుకుంటూ వెళ్ళి అడిగితే డిసెంబరు దాకా పొడిగించారు. తొమ్మిది నెలలు. సింగపూర్ ఆదాయంలో దాదాపు ఐదో వంతు ఆ బ్రిటిష్ స్థావరాల మీద ఆధారపడి ఉన్న రోజుల్లో ఆ తొమ్మిది నెలలు తక్కువ కాదు. అప్పుడు మలేషియా ప్రధాని తుంకు అబ్దుల్ రహ్మాన్ ఐదుగురం కూర్చుని మాట్లాడుకుందాం అన్నాడు.

ఇక్కడే మా కాగితాల అవసరం మొదలైంది. మా పిల్లల్లో ఎక్కువమంది ఆలూరు, పత్తికొండ, నందికొట్కూరు, ఆదోని వైపు పల్లెల నుంచి వచ్చినవాళ్ళు, తెలుగు మీడియంలో చదువుకున్నవాళ్ళు. ఈ విషయం మీద వాళ్ళ చేతిలో పెట్టడానికి తెలుగులో నాకేమీ దొరకలేదు. అందుకని రెండు నెలలు కూర్చుని నేనే రాశాను: అందరికీ ఒకే నేపథ్యం, ఒక మ్యాపు, అజెండా, ఒక్కో దేశానికీ విడిగా ‘మీ ప్రభుత్వ ఆదేశాలు’ అని రెండు పేజీలు. ఈ రెండు పేజీలే ప్రాణం. ఆస్ట్రేలియా ఫైలులో ఉన్నది మలేషియా చూడకూడదు. ఎందుకంటే ఆస్ట్రేలియా అసలు పరిస్థితి ఏంటంటే, ప్రధాని హెరాల్డ్ హోల్ట్ 1967 డిసెంబరులో సముద్రంలో ఈతకు వెళ్ళి మళ్ళీ కనబడలేదు, జాన్ గోర్టన్ జనవరిలోనే కొత్తగా కుర్చీ ఎక్కాడు, సైనికులు అప్పటికే వియత్నాంలో ఉన్నారు, బ్రిటన్ ఖాళీ చేసిన చోట తాము నిలబడతామో లేదో ఇంకా తేల్చుకోలేదు. అంటే ‘ఇప్పుడే మాట ఇవ్వొద్దు, కాదని కూడా అనొద్దు’ అన్నదే వాళ్ళ ఆదేశం. ఆ ముక్క అవతలివాళ్ళ కంటపడితే ఆట పొద్దున్నే అయిపోతుంది.

పోయినేడాది ఇదే పని ఊళ్ళో వేరే ఒక షాపులో ఇచ్చి నేను చాలా నష్టపోయాను. పేరు అనవసరం. ఫోన్లో తెలుగు టైపు చేసి పంపిన దాన్ని వాళ్ళు పేజ్‌మేకర్‌లోకి మార్చేటప్పుడు అక్షరాలు విరిగిపోయాయి, ‘రక్షణ’లో షవత్తు ఊడిపోయి ‘రకణ’ అయింది, ‘ప్రతినిధి’లో క్రావడి పక్క అక్షరం కిందికి పోయింది. ఎవరూ చూడకుండా ఇరవై అయిదు ఫైళ్ళూ ప్రింటు కొట్టి బైండింగ్ చేసి చేతికిచ్చారు. పైగా ఒక దేశం ఆదేశాలు ఇంకో దేశం ఫైలులో కలిపేశారు. ఆ రాత్రి నేనూ మా ఆయనా వంటింట్లో కూర్చుని స్పైరళ్ళు విప్పి కాగితాలు మార్చుకున్నాం. ఏడుపొచ్చేసింది నాకు, నిజంగా.

అందుకే ఈసారి భయంభయంగానే ఈ షాపుకు వచ్చాను. మొదటిరోజే తేడా తెలిసింది. ఆ అమ్మాయి నా ఫైలు తెరిచి, ‘మేడమ్, ఇది యూనికోడ్‌లో ఉంది, అనూ ఫాంటులోకి మారిస్తే కొన్ని వత్తులు పోతాయి, మార్చినాక నేను ఒక కాపీ తీసిస్తా, మీరు పెన్నుతో గుర్తు పెట్టి తెండి, అంతవరకు ప్రింటు కొట్టను’ అంది. అడగకముందే. ప్రూఫు కాపీకి డబ్బులు కూడా తీసుకోలేదు. నేను గుర్తు పెట్టినవి పద్దెనిమిది, ఆమె తనంతట తాను పట్టినవి ఇంకో ఆరు. అందులో ఒకటి నాదే తప్పు, సింగపూర్ విడిపోయిన సంవత్సరం ఒకచోట 1965 అనీ ఇంకోచోట 1956 అనీ కొట్టాను. ‘రెండు చోట్ల రెండు ఉన్నాయి, ఏది కరెక్టు మేడమ్?’ అని ఫోను చేసింది. అర్థం చేసుకుంటూ చదివితేనే ఇది కనబడుతుంది.

రహస్య పేజీల సంగతి అన్నకు చెప్పగానే ఆయన ఒక నిమిషం ఆలోచించి, ‘ఫైల్లో పెట్టొద్దు మేడమ్, కలిసిపోతాయి. ఐదు రంగుల కాగితం మీద తీస్తా, మడిచి కవర్లో పెట్టి అంటించి ఇస్తా, కవరు మీద దేశం పేరు. ఫైళ్ళన్నీ అప్పుడు ఒకటే ఉంటాయి, ఎవరికి ఏది ఇచ్చినా పర్వాలేదు’ అన్నారు. ఇది నాకు తట్టలేదు. ఆస్ట్రేలియాకు పసుపు, న్యూజిలాండ్‌కు లేత ఆకుపచ్చ, బ్రిటన్‌కు గులాబీ, మలేషియాకు నీలం, సింగపూర్‌కు తెలుపు. ఐదు రంగులూ తీసిన తర్వాత పాడైన కాపీలను ఆయన నా ముందే చింపేశారు, మా పిల్లలు జిరాక్స్ కోసం ఇటే వస్తారని తెలుసు కాబట్టి. ఇంటర్ ప్రశ్నపత్రాలా అనుకోకండి, నాకైతే ఆ జాగ్రత్త చాలా విలువైనది.

ఇప్పుడు పేరు బోర్డుల దగ్గరికి వస్తా, నేను ఎక్కువ చెప్పాలనుకున్నది దీని గురించే. టేబుల్ మీద నిలబెట్టే మడత కార్డులు, మూడొందల జీఎస్ఎం ఆర్టు కార్డు మీద. ఆ అమ్మాయి ‘ఏ ఆర్డర్లో చేయాలి?’ అని అడిగింది. ఏముంది, మామూలే, అక్షర క్రమం అన్నా. అంతర్జాతీయ సమావేశాల్లో ఎవరు ముందు ఎవరు వెనక అనే తగాదా రాకుండా అక్షర క్రమమే పెడతారు. సరేనని ఆమె తెలుగు అక్షర క్రమంలో పెట్టింది: ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, బ్రిటన్, మలేషియా, సింగపూర్. నేను మనసులో అనుకున్నది ఇంగ్లీషు క్రమం, అందులో ఆస్ట్రేలియా, మలేషియా, న్యూజిలాండ్, సింగపూర్, చివర యునైటెడ్ కింగ్‌డమ్. రెండూ కాగితం మీద పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఆశ్చర్యం వేసింది. ఇంగ్లీషు క్రమంలో మలేషియాకూ సింగపూర్‌కూ మధ్యలో న్యూజిలాండ్ కూర్చుంటుంది. తెలుగు క్రమంలో ఆ రెండూ పక్కపక్కనే, ఖాళీ చేసి పోతున్న బ్రిటన్ సరిగ్గా నడిమధ్యన.

అప్పటికి మూడేళ్ళ కిందట విడిపోయిన రెండు దేశాలు అవి. సింగపూర్‌కు తాగునీళ్ళు మలేషియాలోని జోహోర్ నుంచే రావాలి, 1961, 1962 ఒప్పందాల ప్రకారం. అంత దగ్గర, అంత అనుమానం. తుంగభద్ర నీళ్ళ దగ్గర, కేసీ (కర్నూలు-కడప) కాలువ, ఆర్డీఎస్ (రాజోలిబండ డైవర్షన్ స్కీము) వాటాల దగ్గర ఇటువాళ్ళకూ అటువాళ్ళకూ ఉండే చిటపటలు తెలిసిన మా పిల్లలకు దీన్ని విడమరిచి చెప్పాల్సిన పని లేదు. సమావేశంలో తేలాల్సిన మొదటి విషయం కూడా అదే, ఈ రెండు దేశాల రక్షణ ఒకటేనా, వేరువేరా అని. కౌలాలంపూర్ ప్రకటనలో ఆ రెండింటి రక్షణను విడదీయలేం అనే మాట రావడమే పెద్ద సంగతి. నేను ఇంటికి పోయి రాత్రంతా ఆలోచించి పొద్దున్నే ఫోను చేసి చెప్పాను, తెలుగు క్రమమే ఉంచమని. ఆ రోజు హాల్లో జరిగిన దాంట్లో సగం ఆ కుర్చీల వల్లే జరిగింది, మలేషియా పిల్లలూ సింగపూర్ పిల్లలూ టీకి ముందు మాట్లాడుకోలేదు, టీ తర్వాత ఒకరి కాగితం మీద ఇంకొకరు రాసుకుంటున్నారు. ఎదురెదురుగా కూర్చోబెట్టి ఉంటే ఇది జరిగేది కాదని నా నమ్మకం.

జెండాలు. ఇక్కడ ఒక తప్పు జరిగింది, సరిచేశారు కూడా. మొదటిసారి తీసినప్పుడు ఆస్ట్రేలియా కార్డు మీదా న్యూజిలాండ్ కార్డు మీదా ఒకే జెండా పడింది. రెండూ నీలమే, రెండింటికీ మూలలో బ్రిటిష్ జెండానే, దూరం నుంచి చూస్తే ఎవరైనా పొరబడతారు. న్యూజిలాండ్‌కు తెల్ల అంచున్న ఎర్ర చుక్కలు నాలుగు, ఆస్ట్రేలియాకు తెల్ల చుక్కలు ఆరు, అందులో బ్రిటిష్ జెండా కింద ఉన్నది పెద్దది, ఏడు కోణాలది. నేను చూపించగానే ఆ అమ్మాయి కార్డును కంటికి దగ్గరగా పెట్టుకుని చుక్కలు లెక్కపెట్టి, అప్పటికప్పుడు మార్చి, మార్చిన కార్డులకు డబ్బులు వద్దంది. బ్రిటన్ జెండా తలకిందులుగా పడకుండా ఎలా చూడాలో కూడా చెప్పా, కర్ర వైపు వెడల్పు తెల్లగీత పైకి ఉండాలి. ఆమె దాన్ని ఒక చీటీ మీద రాసి మానిటర్ అంచున అంటించుకుంది. నెల తర్వాత వేరే పని మీద పోయినప్పుడు కూడా ఆ చీటీ అక్కడే ఉంది.

మ్యాపు విషయంలో మాత్రం నాకు పూర్తిగా తృప్తి లేదు. షాపులో కలర్ లేజర్ లేదు, బయట ఇచ్చి తెప్పిస్తారు. వచ్చినదాంట్లో సముద్రం రంగూ సింగపూర్ రంగూ దాదాపు ఒకటైపోయాయి, అంత చిన్న ద్వీపం ఇక కనబడదు. పైగా నేనిచ్చిన బొమ్మ పట్టలేదని కుడిపక్క కొంచెం కత్తిరించారు, దాంతో బోర్నియో ద్వీపం మీదున్న మలేషియా రాష్ట్రం సబా సగం తెగిపోయింది. ఈ సమావేశానికి అది మామూలు తప్పు కాదు. సబా మాదని ఫిలిప్పీన్స్ అంటోంది, ఆ తగాదాలో ఇరుక్కోవడం ఇష్టం లేకే ఆస్ట్రేలియా తన హామీ సబా ఉన్న తూర్పు మలేషియాకు కూడా వర్తిస్తుందని తేల్చి చెప్పకుండా తప్పించుకుంటూ వచ్చింది. చివరికి కుదిరిన ఉమ్మడి గగనతల రక్షణ కూడా మలేషియా ద్వీపకల్పానికీ సింగపూర్‌కే. మ్యాపులో సబా తెగిపోతే మలేషియా పిల్లలు అడగాల్సిన ప్రశ్నే అడగరు. అన్నకు విషయం చెప్తే పేచీ పెట్టకుండా మళ్ళీ వేయించారు, కానీ ఆ పూట పని ఆగింది. పావు మార్కు దీనికి పోయింది.

ఒక సాయంత్రం కవర్లు అంటిస్తూ అన్న అడిగారు, ‘మేడమ్, బ్రిటన్ వాళ్ళు పోతామంటే పోనీయక ఉండండి ఉండండి అని అడుగుతారా ఎవరైనా? మనం పొమ్మని కొట్లాడినాం గదా?’ నాకు ఆ ప్రశ్న చాలా నచ్చింది, అదే ప్రశ్నను తర్వాత పిల్లల ముందు పెట్టాను. నేను ఆయనకు చెప్పింది ఇది: మన సీమ కథ కూడా ఇలాంటి ఒప్పందంతోనే ముడిపడి ఉంది. 1800లో నిజాం తన రాజ్యంలో ఉంచుకున్న ఇంగ్లీషు సైన్యం ఖర్చుకు బదులుగా బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత భాగం కంపెనీకి రాసిచ్చేశాడు. దత్తమండలాలు అనే పేరు అలా వచ్చింది. ఇంకొకరి సైన్యాన్ని నమ్ముకుంటే దానికి లెక్క కట్టేవాడు ఉంటాడు, అప్పుడు నిజాం భూమి ఇచ్చాడు, ఇటు 1968లో లెక్క తనకే బరువై బ్రిటన్ లేచిపోయింది. అన్న అంటించడం ఆపి, ‘అంటే మన ఊర్లు ఆ బిల్లుకు పోయినాయా’ అన్నారు. అవును, అచ్చంగా అంతే.

ఇంకో సంగతి కూడా చెప్పాను, అది విని ఆ అమ్మాయి కూడా కుర్చీ తిప్పుకుంది. 1965లో విడిపోగానే సింగపూర్‌కు చెప్పుకోదగ్గ సైన్యమే లేదు, లీ క్వాన్ యూ మన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రికి ఉత్తరం రాసి సైన్యం కట్టుకోవడానికి సలహాదారులను పంపమని అడిగాడు. మన దగ్గర్నుంచి ఆ సాయం వెళ్ళలేదు. ఇజ్రాయెల్ నుంచి వచ్చారు.

సమావేశం రోజు గురించి. ఉదయం ఉగ్గాని బజ్జీలు తిని తొమ్మిదిన్నరకు మొదలుపెట్టాం. అసలు కౌలాలంపూర్ సమావేశం రెండు రోజులు జరిగింది, జూన్ 10, 11 తేదీల్లో, మాకు ఒక్క రోజే. నేను అన్నతో ముందే మాట్లాడుకున్నా, ఆ రోజు పిల్లలు డ్రాఫ్టు చేత్తో రాసి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుతారు, మీరు టైపు చేసి పాతిక కాపీలు తీసి ఉంచితే మా అటెండరు వచ్చి పట్టుకెళ్తాడు అని. మూడుసార్లు పంపాం. మూడుసార్లూ నలభై నిమిషాల్లోపు కాగితం హాల్లో ఉంది, రెండోసారి కరెంటు పోయినా కూడా, వాళ్ళకు ఇన్వర్టర్ ఉంది. చర్చ వేడి మీదున్నప్పుడు గంటసేపు కాగితం రాకపోతే పిల్లలు చల్లబడిపోతారు, ఒప్పుకున్న మాటను మర్చిపోతారు. ఎప్పటికప్పుడు టైపు అయి చేతికొస్తే, నువ్వే కదా ఇందాక ఒప్పుకున్నావ్ అని చూపించొచ్చు.

మూడో డ్రాఫ్టు దగ్గర జరిగింది నేను మర్చిపోను. మొదటి డ్రాఫ్టులో పిల్లలు ‘దాడి జరిగితే ఐదు దేశాలూ కలిసి రక్షిస్తాయి’ అని రాశారు. బ్రిటన్ బృందం ఒప్పుకోలేదు, ఆస్ట్రేలియా బృందం అసలే ఒప్పుకోలేదు, వాళ్ళ పసుపు కాగితంలో ఉన్నదదే కదా. రెండోదాంట్లో ‘రక్షించడానికి ప్రయత్నిస్తాయి’ అయింది. దానికి సింగపూర్ బృందం నుంచి నందికొట్కూరు పిల్ల ఒకతి లేచి, ‘ప్రయత్నిస్తాయి అంటే రాకపోయినా తప్పు లేదనేగా?’ అని నిలదీసింది. మూడో డ్రాఫ్టులో ‘వెంటనే సంప్రదించుకుంటాయి’ అని వచ్చింది. ఈ మాట వాళ్ళకు నేను చెప్పలేదు, వాళ్ళే వెతుక్కున్నారు. 1971 ఏప్రిల్‌లో లండన్‌లో ఐదు దేశాల మంత్రులు చివరికి చేరింది కూడా అక్కడికే: మలేషియా మీద గానీ సింగపూర్ మీద గానీ బయటి నుంచి నడిపించిన దాడి, లేదా బయటివాళ్ళ అండతో దాడి జరిగినా, ముప్పు ఉన్నా, కలిసిగానీ విడివిడిగా గానీ ఏం చేయాలో తేల్చుకోవడానికి ప్రభుత్వాలు వెంటనే సంప్రదించుకుంటాయి. రక్షిస్తాం అనే మాట అందులో లేదు.

ఆ డ్రాఫ్టు టైపు చేస్తూ షాపు అమ్మాయి నాకు ఫోను చేసింది. ‘మేడమ్, సంప్రదించుకుంటాయి అని ఉంది, పోయినసారి రక్షించడానికి అని ఉంది, పిల్లలు ఏమైనా వదిలేశారా? సంప్రదించుకున్నాక వస్తారా రారా అది లేదు ఇందులో’ అని. నేను హాలు బయట వరండాలో నిలబడి ఉన్నాను, నోట మాట రాలేదు కాసేపు. పొద్దున్నుంచీ పాతికమంది కొట్లాడుతున్న విషయాన్ని ఆమె టైపు కొడుతూ పట్టేసింది. లేదమ్మా, అలాగే ఉంచు, వాళ్ళు కావాలనే అలా రాశారు అన్నాను. ‘సరే మేడమ్, సున్నా మాత్రం ఉంది, చూసుకున్నా’ అంది. పోయినేడాది వత్తులు పోగొట్టుకున్నదాన్ని కాబట్టి ఆ మాట నాకు ఎంత ధైర్యమో చెప్పలేను.

సాయంత్రం పిల్లలకు తర్వాతి కథ చెప్పాను. గోర్టన్ 1969 ఫిబ్రవరిలో, బ్రిటన్ పోయాక కూడా మా బలగాలు ఉంటాయని ప్రకటించాడు, న్యూజిలాండ్ కూడా ఉంటానంది. ఆ మేలో కౌలాలంపూర్‌లో అల్లర్లు, అయినా జూన్‌లో కాన్‌బెర్రాలో మళ్ళీ కూర్చున్నారు. 1970లో బ్రిటన్‌లో ప్రభుత్వం మారింది, ఎడ్వర్డ్ హీత్ వచ్చి కొద్దిపాటి సైన్యాన్ని ఉంచుతామన్నాడు. 1971 నవంబరు 1 నుంచి ఐదు దేశాల రక్షణ ఏర్పాటు అమల్లోకి వచ్చింది, గగనతల రక్షణ కేంద్రం పెనాంగ్ ఎదురుగా ఉన్న బటర్‌వర్త్‌లో. 2021లో దానికి యాభై ఏళ్ళు నిండాయి, ఇప్పటికీ ఐదు దేశాలూ కలిసి విన్యాసాలు చేస్తున్నాయి. ‘సంప్రదించుకుంటాయి’ అనే ఒక్క క్రియ మీద అన్నేళ్ళు నిలబడిందంటే పిల్లలు నమ్మలేదు. బలహీనమైన మాట కాబట్టే ఎవరూ వదిలిపెట్టి పోలేదేమో అని ఆదోని అబ్బాయి ఒకడు అన్నాడు. నాకు ఆ వాదన మీద ఇంకా అనుమానాలున్నాయి, వాటి మధ్యలో మలేషియా, సింగపూర్ సొంత సైన్యాలు కట్టుకోవడం, ఇండోనేషియాతో కలిసి 1967లోనే ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌లో చేరడం కూడా ఉన్నాయి, కానీ ఇరవై ఏళ్ళ పిల్లాడు అలా ఆలోచించడం నాకు సంతోషం.

ఇక రేట్లు. మాకు పడింది: డీటీపీ పేజీకి నలభై రూపాయలు, జిరాక్స్ రెండు వైపులా కలిపి రెండు రూపాయలు, స్పైరల్ ఒక్కోటి ముప్ఫై, పేరు కార్డు మడతతో సహా పదిహేను. ఆ రోజు డ్రాఫ్టులకు టైపింగు తీసుకోలేదు, కాపీల డబ్బులే తీసుకున్నారు, నేను బలవంతం చేస్తే ‘పిల్లల పని గదా మేడమ్’ అన్నారు. ఊళ్ళో ఇంతకంటే తక్కువకు టైపు చేసేవాళ్ళు ఉన్నారు. నేను మాత్రం చదువుతూ టైపు చేసేవాళ్ళకే ఇస్తాను ఇకమీదట.

ఇంకో పావు మార్కు ఎందుకు తగ్గించానంటే, కూర్చోవడానికి చోటు లేదు. ప్రూఫు చూడాలంటే సందులో బండి మీద కాగితం పెట్టుకుని చూడాలి, ఎండాకాలం కర్నూలులో మధ్యాహ్నం రెండింటికి అది ఎవరివల్లా కాదు. ఒక స్టూలు వేయమని చెప్పాను. ఉదయం పది నుంచి పన్నెండు దాకా అప్లికేషన్లు, ఆధార్ జిరాక్స్‌ల గుంపు ఉంటుంది, ఆ టైములో ఫోను ఎత్తరు, ఎత్తమని ఆశించకండి. డీటీపీ పని ఉంటే మధ్యాహ్నం మూడు తర్వాత వెళ్ళండి, ఫైలు పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళండి, దానితో పాటు పీడీఎఫ్ కూడా పెట్టుకోండి, ఏ అక్షరం ఎలా ఉండాలో వాళ్ళు దాన్ని చూసి సరిచూసుకుంటారు. ఆదివారం మధ్యాహ్నం దాకే తెరిచి ఉంటుంది.

వచ్చే ఏడాదికి అఫ్గానిస్తాన్ తీసుకుంటున్నాం. 2021 ఆగస్టులో అమెరికా సైన్యం వెళ్ళిపోయాక అదే నవంబరు 10న ఢిల్లీలో మన దేశం ఏర్పాటు చేసిన ప్రాంతీయ భద్రతా చర్చలు, మనతో కలిపి ఎనిమిది దేశాలు. పాకిస్తాన్‌నూ చైనానూ కూడా పిలిచారు, అవి రాలేదు. మొన్న బోర్డుల లెక్క చెప్పడానికి పోతే అన్న అడిగారు, ‘రానోళ్ళకు గూడా కార్డులు తీయాల్నా మేడమ్?’ అని. తీయమన్నాను, పది కార్డులు. ఆ రెండూ ఎక్కడ పెట్టాలో పిల్లలనే తేల్చుకోమంటాను.